లాభం, రెండు, మూడు

నేను ఒక మనిషిని కొన్నాను.

నమ్మరు కదూ? నమ్మకండి. కొలపాత్ర అన్నాక అబద్ధమాడదని మీరంతా అనుకుంటారు. నేను ఆడతాను. నా పొట్టలో పోసిన గింజల సంగతిలో తప్ప మిగిలిన అన్నిటిలోనూ ఆడతాను. ఆ గింజల సంగతిలో కూడా కొన్నాళ్ళు ఆడాను, అదే ఇప్పుడు చెప్పబోయేది. కానీ మనిషిని కొన్న మాట మాత్రం నిజం. కాళ్ళూ చేతులూ ఏడుపూ అన్నీ సవ్యంగా ఉన్నవాణ్ణి, నా నిండా తవుడిచ్చి కొన్నాను.

నేను ఇత్తడి సోలని. సోలంటే ఏమిటో తెలియని పిల్లలుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను: నాలుగు గిద్దెలు పోస్తే నేను నిండుతాను, నాలాంటివి నాలుగు పోస్తే మానిక నిండుతుంది. పుట్టింది బుడితిలో, కంచరి కొలిమి పక్కన. నన్ను సాగగొట్టిన కంచరి సుత్తి దెబ్బకి పక్క ఊళ్ళో కోళ్ళు వేళకాని వేళ గుడ్లు పెట్టాయని మా వాళ్ళు చెప్పుకునేవారు. మా వంశంలో పెద్దాయన ఒక కుంచం. ఆయన ఒక కళ్ళంలో పొద్దున్నే ధాన్యం కొలవడం మొదలుపెడితే సూర్యుడు చూస్తూ చూస్తూ కుంగడం మరిచిపోయాడట. ఆ రోజు కూలీలు రెండు రోజుల కూలి అడిగారు, రైతు ఇవ్వనన్నాడు. సూర్యుడు నిలబడ్డా మనుషుల బేరం నిలబడదన్నమాట.

అప్పయ్యమ్మ కాపురానికి వచ్చినప్పుడు సారె సామాన్లతో పాటు నేనూ వచ్చాను. ఊరి పేరు చెప్పను, చెబితే వెతుక్కుంటూ బయల్దేరతారు. జనపనార మిల్లు ఒకటుంది, దాని చుట్టూ పేట ఉంది. మిల్లు కూత కూస్తే పేట లేచేది, మిల్లు కూత కూస్తే పేట పడుకునేది. పెళ్ళికీ పురుడుకీ ముహూర్తం పంతులు పెట్టినా చివరికి ఖాయం చేసేది ఆ కూతే.

అప్పయ్యమ్మకి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. చివరికొక మగపిల్లాడు పుడితే, మృత్యువు కళ్ళు కప్పడానికి మా వైపు చేసే పని చేశారు. పిల్లాణ్ణి చేటలో పడుకోబెట్టి వీధిలో పెట్టారు. ఎదురింటి ముసలమ్మ వచ్చి ఎత్తుకుని, "ఈ గుంటడు నాకు దొరికినాడు, నా వోడు. కావాలంటే కొనుక్కోండి" అంది. అప్పయ్యమ్మ గడపలోంచి నా నిండా తవుడు పోసి అందించింది. ముసలమ్మ తవుడు కొంగులో పోసుకుని పిల్లాణ్ణి ఇచ్చేసింది. వెల ఇచ్చి కొన్న వస్తువుని దేవుడైనా ఊరికే పట్టుకుపోడని వాళ్ళ లెక్క. తవుడిచ్చి కొన్నవాడు గనక తవిటినాయుడు అని పేరు పెట్టారు. బతికాడు. నన్నడిగితే బేరం చవకే.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో నా గౌరవమే వేరు. అప్పయ్యమ్మ నన్ను కింద పెట్టేది కాదు. కొట్టుకి వెళ్ళినా కొంగున చుట్టుకుని నన్ను తీసుకెళ్ళేది. కొట్టువాడు తన సోలతో కొలిచి పోస్తే, అక్కడే అందరి ముందూ ఆ బియ్యాన్ని నాలో పోసి చూపించేది. తక్కువైతే ఇంక చూడాలి.

"ఏటి బావూ, నీ సోల కడుపుతో ఉందేటి? లోపలేదో పెట్టుకుంది గావాల!"

నన్ను చూడగానే కొట్లో ఉన్న కొలపాత్రలు చెమటలు కక్కేవంటే మీరు నమ్మరు. సరే, మానెయ్యండి. పేటలో ఎవరికి కొలత మీద అనుమానం వచ్చినా "అప్పయ్యమ్మ సోల పట్టుకురా" అనేవారు. బదులిచ్చిన బియ్యం తిరిగి కొలిచేదీ నాతోనే, అన్నదమ్ములు గింజలు పంచుకునేదీ నాతోనే. "దొంగ కొలత పట్టినోళ్ళ కంట్లో కారం కొట్టాల" అని అప్పయ్యమ్మ రోజుకొకసారైనా అనేది.

కాలం గడిచింది. ఆవిడ మొగుడు మిల్లులో నార దుమ్ము పీల్చి పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. తవిటినాయుడు అదే మిల్లులో చేరాడు. పారమ్మని చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. అప్పయ్యమ్మకి కళ్ళు మసకేసి, ఆ మసక చీకటైంది. ఆవిడ కూర్చునే చోటు వంటింటి గడప. చెయ్యగలిగిన పని ఒక్కటే మిగిలింది, దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. అదేమిటంటే, సాయంత్రం బియ్యం తల కొట్టడం.

ఇలా జరిగేది. పారమ్మ బియ్యం కుండలో నన్ను ముంచి, గుట్టగా తీసి, అత్త ఒళ్ళో ఉన్న చేట మీద ఆవిడ చేతికి అందించేది. అప్పయ్యమ్మ ఎడమ చేత్తో నా అడుగు పట్టుకుని, కుడి అరచేత్తో పైన నిలిచిన గింజల్ని తుడిచేసేది. గింజ ఎక్కువ లేదు, గింజ తక్కువ లేదు. నన్ను తిరిగి ఇచ్చేది. పారమ్మ ఎసట్లోకి పోస్తూ "లాభం" అనేది. మా వైపు కొలతలో ఒకటి అనరు, మొదటిది లాభం. తర్వాత రెండు. తర్వాత మూడు. రాత్రి అన్నానికి ఆ ఇంట్లో మూడు సోలలు. అప్పయ్యమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ లెక్క మారలేదు.

ఒక పొద్దున మిల్లు కూత కూయలేదు.

"ఈయాల కూతెయ్యనేదేటి?" అని అప్పయ్యమ్మ గడపలోంచి అడిగింది. గేటుకి తాళం పడిందని తవిటినాయుడు మెల్లగా చెప్పాడు. నాలుగు రోజుల్లో తీసేస్తారన్నాడు. నాలుగు రోజులన్న మాట మనుషులు ఎంత పెద్ద కాలానికి వాడతారో నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లో కరువొచ్చిన సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా పడక బియ్యం కుండలో. మంచి రోజుల్లో బియ్యం మీద, కుండ మూతికి అందేంత ఎత్తున పడుకునేవాణ్ణి. మూత సందులోంచి దీపం కనబడేది, పిల్లల తగువులు వినబడేవి. ఇప్పుడు రోజురోజుకీ కిందికి దిగుతున్నాను. వెలుగు పైకి పోతోంది, మాటలు దూరమవుతున్నాయి. ఒక సాయంత్రం పారమ్మ చెయ్యి వదిలేసరికి నా అంచు కుండ అడుగుకి తగిలి ఠంగున మోగింది. ఆ చప్పుడికి పారమ్మ గబుక్కున మూత వేసింది. గడపలో ఉన్నావిడ తల ఇటు తిరిగింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అప్పయ్యమ్మ అందరూ వినేలా చెప్పింది.

"ఒలే పారమ్మా, ఇను. మా అత్త నాకు ఆకలి నేదు, ఆకలి నేదని రోజూ సెప్పి సెప్పి పోనాది. నాను నమ్మీసినాను. నాకు బుద్ధి నేదు. నువ్వు నాలాగ నమ్మక్కర్నేదు, నాను ముందే సెప్పీస్తన్నాను. ఎసట్లో మూడు సోలలు పడినన్నాళ్ళే నాను తింటాను. మూడోది పడని రోజు నా కంచం బోర్లించీయ్. ముందు గుంటలు తినాల."

"అదేటమ్మా ఆ మాటలు!" అన్నాడు తవిటినాయుడు.

"నువ్వూరుకో. సోలెడు తవుడికి వొచ్చినోడివి, నీకేటి తెలుస్తాది?"

పిల్లలు నవ్వారు. తవిటినాయుడు కూడా నవ్వాడు. పారమ్మ మాత్రం నవ్వలేదు. అత్త మాట అంటే అన్నట్టే చేస్తుందని ఆ ఇంట్లో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కొన్నాళ్ళకి తవిటినాయుడు మద్రాసులో మేడలు కట్టే పనికి వెళ్ళిపోయాడు. పేటలో మగవాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు. రైలెక్కే ముందు నన్ను కుండలోంచి తీసి, "అమ్మని సూసుకో" అని నాతోనే అన్నాడు, పెళ్ళాం వినేలా. పెళ్ళాంతో నేరుగా చెప్పడానికి మగవాళ్ళకి నోరెందుకు రాదో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. ఎంత సేపూ గిన్నెతోనో గోడతోనో చెబుతారు.

మూడు సోలలు పోస్తే నెల గడవదు. రెండు పోస్తే అత్త తినదు. అర సోల తీద్దామంటే పైన అత్త అరచెయ్యి ఉంది, అంచు దాకా నిండకపోతే పట్టేస్తుంది. పారమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పైన ఉన్న అత్త చెయ్యి కొలుస్తుంది, కింద చెయ్యి ఊరికే పట్టుకోవడానికే కదా అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు బడికి పోయాక నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి రోట్లో బోర్లించింది. నా అడుగు మీద గుడ్డ మడిచి వేసింది. రోకలి ఎత్తింది.

"ఏటే ఆ సప్పుడు?" అంది గడపలోంచి అత్త.

"కారం దంచుతున్నాను అత్తా!"

ఆ మొదటి దెబ్బ గురించి ఏం చెప్పను. కంచరి కొట్టిన దెబ్బలన్నీ నన్ను పెద్దవాణ్ణి చేయడానికి. ఈ దెబ్బ చిన్నవాణ్ణి చేయడానికి. పారమ్మ కొట్టిన ప్రతిసారీ నాకంటే ముందు తనే "అమ్మా" అనేది. నా అడుగు లోపలికి పోయింది, ఒక గిన్నె మింగినట్టు. పైకి చూస్తే నేను నేనే. లోపల మాత్రం మూడో వంతు లేను. అంటే నాతో మూడుసార్లు పోస్తే మునుపటి రెండు సోలలే పడతాయి. పేటకంతా న్యాయం చెప్పిన నోటితో ఆ సాయంత్రం నుంచి నేను దొంగ కొలతని.

ఆ సాయంత్రం పారమ్మ నన్ను గుట్టగా నింపి అత్త చేతికిచ్చింది. ఇచ్చి గట్టిగా కళ్ళు మూసుకుంది. అప్పయ్యమ్మ ఎడమ చెయ్యి మామూలుగా నా అడుక్కి వచ్చింది. బొటనవేలు కొత్తగా పడిన సొట్టలోకి జారింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. ఇత్తడికి చలి పుడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత కుడి అరచెయ్యి పైన గింజల్ని తుడిచింది, నన్ను తిరిగి ఇచ్చేసింది.

"లాభం" అంది పారమ్మ, నూతిలోంచి మాట్లాడినట్టు.

రెండూ పడింది, మూడూ పడింది. అప్పయ్యమ్మ తిన్నది. ఒక ముద్ద ఎక్కువ వడ్డించమనలేదు, ఒక ముద్ద వదిలేయలేదు. ముసలి వేళ్ళకి స్పర్శ తగ్గిపోయిందని పారమ్మ తనకి తనే చెప్పుకుంది. కళ్ళున్నావిడ ఆ క్షణంలో కళ్ళు మూసుకుంది కదా, ఆగిన వేలుని ఎలా చూస్తుంది?

గట్టెక్కామనుకుంది. అసలు కష్టం వీధిలోంచి వచ్చింది. ఎదురింటి గున్నమ్మ, ఆనాడు తవిటినాయుణ్ణి తవుడికి ఇచ్చేసిన ముసలమ్మ కోడలు, ఒక రోజు వచ్చి "ఓలమ్మా, కొట్టోడు మోసం సేసినాడనిపిస్తంది. మీ అత్త సోల ఓపాలి ఇయ్యి, కొలిసి ఇచ్చీస్తాను" అంది.

ఇస్తే రెండు అబద్ధాలు. గున్నమ్మకి మోసం, కొట్టువాడికి మెప్పు. ఒకవేళ పేటలో ఎవరి చెయ్యయినా నా అడుగున పడితే అంతే సంగతులు.

"నేదమ్మా. ఇంట్లోంచి బయటికి ఇయ్యడం మానీసినాం" అంది పారమ్మ.

"సోల కూడా ఇయ్యరేటి! బియ్యం అడిగినానా?"

"ఇయ్యలేం."

గున్నమ్మ అక్కడితో ఊరుకోలేదు. గడపలో ఉన్న అప్పయ్యమ్మ వైపు తిరిగి, "ఏటి పెద్దమ్మా, ఇంటున్నావా?" అంది. పేటంతటికీ నన్ను పిలిచి మరీ ఇచ్చిన మనిషి, మూడు కొట్లతో తగువు పెట్టుకున్న మనిషి, ఆ రోజు ఒళ్ళో చేట అంచు తడుముకుంటూ తలెత్తలేదు. గున్నమ్మ కొంగు విసురుకుంటూ వెళ్ళిపోయింది. వీధిలో "మద్రాసు డబ్బులొస్తన్నాయి గావాల, గీర ముదిరిపోనాది" అంటూ ఉంటే మా ఇంట్లోకి వినబడుతూనే ఉంది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. నన్ను అడగడానికి రాలేదు, నిప్పు అడగడానికి రాలేదు, ఊసులాడ్డానికీ రాలేదు. నూతి దగ్గర పారమ్మ వెళితే మాటలు ఆగిపోయేవి. మునుపు నేను రోజుకో ఇంట్లో ఉండేవాణ్ణి, పదిళ్ళ కబుర్లు నా పొట్టలో ఉండేవి. ఇప్పుడు కుండ అడుగున చీకట్లో పురుగులతో కాపురం. పైన పారమ్మ కాపురమూ అలాంటిదే. మొగుడి ఉత్తరంలో నాలుగు ముక్కలు, అందులో రెండు అమ్మ గురించి. పక్కన చేయి చాపితే అందేంత దూరంలో అత్త ఉంది, కానీ ఒక్క మాట చెప్పుకోలేదు. రోజూ సాయంత్రం ఇద్దరి చేతుల మధ్యా నేను. ఒకావిడ కింద వేలు పెట్టి మాట్లాడదు, ఒకావిడ పైన కళ్ళు మూసుకుని మాట్లాడదు. లాభం, రెండు, మూడు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ సంభాషణ అంతే.

మిల్లు తలుపులు తీసిన కబురు మద్రాసుకి చేరింది. తవిటినాయుడు వచ్చాడు. నల్లబడి, భుజాలు వెడల్పై, గొంతులో ఏదో అరవ యాస పట్టుకొచ్చాడు. పిల్లలు వాడి పక్కన కూర్చోవడానికి కొత్త పట్టి, నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు. వాడు పారమ్మ పెట్టింది తిని "బాగుంది" అన్నాడు, హోటల్లో అన్నట్టు. తన ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తోచక చివరికి బియ్యం కుండ మూత తీసి, సామాన్యంగా ఇంటికొచ్చిన మగవాడు చేయని పని, నన్ను చేతిలోకి తీసుకున్నాడు. తిరగేశాడు.

"అయ్యో, నన్ను కొన్న సోలకి ఇలాగ సొట్ట పడిపోనాదేటి!"

పారమ్మ నూతికి వెళ్ళింది, అప్పయ్యమ్మ గడపకి ఆనుకుని కునుకు తీస్తోంది. చెప్పేవాళ్ళు లేరు. పెళ్ళానికి ఏం తెచ్చివ్వాలో తెలియక వెతుక్కుంటున్న మనిషికి ఇదొక దారిలా దొరికింది. చంకలో పెట్టుకుని బజారుకి తీసుకెళ్ళి, కంచరి చేత లోపలి నుంచి కొట్టించి, చింతపండుతో తోమించి, బంగారంలా చేయించి తెచ్చాడు. ఈ దెబ్బలకి నేను తిరిగి పెద్దవాణ్ణయ్యాను. సంతోషించాలి. దారి పొడుగునా నాకు పారమ్మ ముఖమే కనబడింది.

సాయంత్రం తవిటినాయుడు కుండలో కొత్త బస్తా గుమ్మరించి, "ఈయాల నానే ముంచుతాను" అని నన్ను గుట్టగా నింపి తల్లి చేతికిచ్చాడు. పారమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసి, మెరుస్తున్న నన్ను చూసి, ఊదే గొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అప్పయ్యమ్మ ఎడమ చెయ్యి నా అడుక్కి వచ్చింది. బొటనవేలు వెతికింది. ఒకసారి గుండ్రంగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. నున్నగా ఉంది.

ఎప్పట్లాగే తల కొట్టింది.

"లాభం!" అన్నాడు తవిటినాయుడు ఎసట్లో పోస్తూ, పండక్కి అరిచినట్టు. మళ్ళీ ముంచాడు, ఆవిడ మళ్ళీ తల కొట్టింది. "రెండు!" మూడోసారి ముంచి ఇవ్వబోతే అప్పయ్యమ్మ అరచెయ్యి నా మీద బోర్లించి నొక్కి పెట్టింది.

"సాలు."

"సాలేటమ్మా? మనింట్లో మూడు కదా!"

"రెండు సాలు, నాయినా. ఇప్పుడు రెండేస్తే మూడేసినట్టే."

పొయ్యి దగ్గర ఊదే గొట్టం కింద పడింది. పిల్లలు తలెత్తి చూశారు. పారమ్మ వచ్చి అత్త ముందు చతికిలబడింది.

"తెలుసా అత్తా?"

"ఒలే, అరవయ్యేళ్ళు పట్టిన సోల. నా కొడుకు తలైనా మర్సిపోతాను గానీ దీని అడుగు మర్సిపోతానేటి?"

"మరి నా కంట్లో కారం కొట్టలేదేం?"

"కారవా? ఆ రోజు దంచినావు కదే! అంత సేపు దంచినావు, ఈదంతా ఇన్నాది. మిరపకాయలు దంచితే ఒక్క తుమ్ము రాని ఇల్లు నానెక్కడా సూళ్ళేదు."

పిల్లలు గొల్లున నవ్వారు. పారమ్మ కూడా నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఏడుపు వచ్చేసింది. అప్పయ్యమ్మ ఆమె తల కోసం గాల్లో తడిమింది.

"సెప్పొచ్చు కదత్తా. ఇన్నాళ్ళు నాను..."

"సెప్తే నా కంచం బోర్లించాల. మాట అనీసినాను కదా. నాకు సావబుద్ధి కాలేదే. ఈడ్ని ఓపాలి సూసుకోవాలనిపించింది." పారమ్మ తల నిమురుతూ, "మెతుకు కోసం నీ దొంగతనం నాను మింగీసినాను. ఎదురింటి దాని ముందు నిన్నొక్కదాన్నే నిలబెట్టినాను. మా అత్త కన్నా నానే తెలివైందాన్ని" అంది.

తవిటినాయుడు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏం జరిగిందో సగం అర్థమైంది, మిగతా సగం ఎవరూ చెప్పరని కూడా అర్థమైంది. ఆ ఇంట్లో ఆకలి ఎంత లోతుందో వేలు పెట్టి చూడనివాడు తనొక్కడే. నన్ను తోమించినందుకు మెచ్చుకుంటారనుకున్నవాడు, నన్ను నెమ్మదిగా కుండలో పెట్టి మూత వేశాడు. కొత్త బియ్యం మీద, చాలా ఎత్తున పడుకున్నాను. మూత సందులోంచి దీపం కనబడింది. కంచాలు పెడుతున్న చప్పుడొక్కటే వినబడింది.

అప్పయ్యమ్మ ఆ చలికాలం దాటలేదు. చివరి దాకా సాయంత్రం తల కొట్టింది, నా అడుగున బొటనవేలు తిరిగేది, ఆగడానికి చోటు దొరక్క మళ్ళీ తిరిగేది.

కర్మకాండ అయ్యాక పారమ్మ నన్ను కొంగున చుట్టుకుని, వీధి దాటి గున్నమ్మ గుమ్మంలో నిలబడింది. "సోల కావాలంటే ఉంచుకో వదినా. ఎన్నాళ్ళయినా ఉంచుకో" అంది. గున్నమ్మ ఆమెని లోపలికి రమ్మంది, పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"సోలెందుకే ఇప్పుడు? కొట్టోడు కాటా పెట్టీసినాడు. అంతా కిలోలే."

ఇప్పుడు నేను మా ఇంటి అటక మీదే ఉన్నాను, బోర్లించి. నా మీద ఒక పాత చేట, దాని మీద ఒక కుంపటి. కింద కరెంటు కుక్కర్ ఉంది, దాంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ గ్లాసు ఉంది. నాలో సగం పట్టదు, బరువు లేదు, వంశం లేదు. దాని తాత సూర్యుణ్ణి ఆపాడని అది చెప్పుకోలేదు పాపం. అయినా ఆ ఇంటి అన్నం అదే కొలుస్తోంది.

ఎప్పుడైనా, ఇంట్లో ఎవరూ లేని సాయంత్రం, పారమ్మ పీట ఎక్కి నన్ను దించుతుంది. కొంగుతో దుమ్ము తుడుస్తుంది. గడపలో కూర్చుని ఎడమ చేత్తో నా అడుగు పట్టుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. బొటనవేలు గుండ్రంగా తిరుగుతుంది, వెతుకుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఆ కంచరి మంచి పనివాడు. గుర్తు కూడా మిగల్చలేదు.